శిశుపోషణము: తల్లి మేనిమచ్చలును, బిడ్డ పాలును



మార్కాపురము సమీపమునుండి యొక బాలింతరాలు మాకిట్లు వ్రాసినది: “నా మోచేతులపైని, వీపుపైని ఎఱ్ఱని మచ్చలు లేచి పొట్టు రాలుచున్నది. వైద్యుడు సోరియాసిస్ అనెను. నాటినుండి మా అత్తగారు, ‘ఆ రోగము పాలలో దిగును, డబ్బాపాలు పట్టుము’ అనుచున్నారు. ఱొమ్ములు గడ్డకట్టి సలుపుచున్నవి, బిడ్డ యేడ్చుచున్నాడు. నేనేమి చేయుదును?”

ఆ సోదరికి మా సమాధానమిది: నిర్భయముగా పాలిమ్ము. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి అంటువ్యాధులు కావు, పాలద్వారా సంక్రమింపవు. సోరియాసిస్ కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా కానవచ్చుట నిజమే. కాని యది పాలు మాన్పించినంతమాత్రమున తప్పునది కాదు. ఇప్పటికే పాలు తగ్గియున్నచో, తఱచుగా పట్టినకొలది మఱల ఊరును.

అత్తగారిని మేము నిందింపము. ఆమె భయము మనుమనిపై ప్రేమవలన గలిగినదే. అయినను ఆమె యొక్క విషయము యోచింపవలెను. పశ్చిమ ప్రకాశమున పెక్కు గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరియున్నది. తల్లి ఆ నీరు త్రాగినను ఆమె పాలలో ఫ్లోరైడు మిక్కిలి స్వల్పము. డబ్బాపాలపొడిని ఆ నీటితో కలిపినచో నదియంతయు బిడ్డ కడుపులోనికే పోవును. నీరు కాచినందున సూక్ష్మజీవులు చచ్చునే కాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది మఱింత చిక్కనగును. లేని యపాయమునకు వెఱచి ఉన్న యపాయమును కొనితెచ్చుకొనుట తగునా?

గజ్జి, తామర మాత్రము అంటునవే. అవియు పాలవలనగాక శరీరస్పర్శవలన అంటును. కావున పాలు మాన్పక చికిత్స చేయింపవలెను. గజ్జికి ఇంటిల్లిపాది ఒకే దినమున మందు పూసికొని, పక్కబట్టలు వేడినీట ఉతికి ఎండవేయవలెను. చనుమొనపై మందున్నచో పాలిచ్చుటకు ముందు కడిగి, పిమ్మట మఱల పూసికొనవలెను. కుష్ఠునకు బహుళౌషధ చికిత్స పొందుచున్న తల్లియు పాలీయవచ్చును. అందలి క్లోఫాజిమిన్ వలన బిడ్డ మేనిచాయ కొంత మాఱవచ్చును. మందు ఆగిన పిదప ఆ రంగు క్రమముగా విడుచును.

జాగ్రత్తపడవలసిన సందర్భములు కొన్ని గలవు. ఱొమ్ముపై నీటిపొక్కులు గుంపుగా లేచి మండుచున్నచో హెర్పిస్ కావచ్చును. అది పసికందునకు ప్రాణాపాయము. ఆ వైపు పాలు పట్టక పిండి పారబోయవలెను. పొక్కులను గుడ్డతో కప్పి, చేతులు కడుగుకొని, పొక్కులు లేని రెండవవైపు పట్టవచ్చును. కాన్పునకు 5 దినములు ముందుమొదలు 2 దినములు తరువాతవఱకు తల్లికి ఆటలమ్మ పోసినచో, బిడ్డను వెంటనే వైద్యునకు చూపవలెను. ఒకే చనుమొనపై దురదయు పుండును ఎన్నాళ్ళకును మానకున్నచో, అది తామరయని యుపేక్షింపరాదు. అరుదుగా అది క్యాన్సరు గుర్తు కావచ్చును.

మందులయందును మెలకువ యవసరము. స్టీరాయిడు లేపనమును పాలిచ్చిన పిమ్మట పలుచగా పూయవలెను. చనుమొనపై వైద్యుడు చెప్పనిదే పూయరాదు. మెథోట్రెక్సేట్, అసిట్రెటిన్ అను బిళ్ళలు పాలిచ్చు తల్లికి తగవు. కావున మార్కాపురముననైనను, గిద్దలూరుననైనను ఆసుపత్రికి పోయినపుడు “నేను చంటిబిడ్డ తల్లిని” అను మాట మొదటనే చెప్పవలెను.

ఆ సోదరి తన అత్తగారిని వెంటబెట్టుకొని వైద్యునికడకు పోవుట మేలు. కోడలు చెప్పిన నమ్మని మాట వైద్యుడు చెప్పిన నమ్మవచ్చును. అంతవఱకు బిడ్డను పస్తుంచవలదు.