కార్బన్ మార్చిన తేదీ ఏది?

గండికోట లోయలో పెన్న నిండితే మన కళ్లు నిండుతాయి. అయితే పొలాల్లో కొట్టిన పురుగుమందు వానకు కొట్టుకొచ్చి చేరేదీ ఏటికే. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు సీసా నీళ్లలో సైతం పురుగుమందులున్నాయని బయటపెట్టారు.

ఇలాంటివాటిని పట్టేది యాక్టివేటెడ్ కార్బన్. కొబ్బరిచిప్పల బొగ్గుకు ఆవిరితో కంటికి కనబడని రంధ్రాలు చేస్తారు. ఒక్క గ్రాములో లోపలి వైశాల్యం 500 చదరపు మీటర్లు దాటుతుంది. మందు ఆ గోడలకు అంటుకుంటుంది. గోడలు నిండాక? నీళ్లు తేటగానే వస్తాయి, మందు మాత్రం ఆగదు. మిషన్‌కు రిబ్బన్ కత్తిరించేవారు చాలామంది, కార్బన్ ఎప్పుడు మార్చారని అడిగేవారేరి?

ఇంకో సంగతి. మన సీమ బోర్లలో చాలాచోట్ల బాధ ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగితే పిల్లలకు గారపళ్లు వస్తాయి. మామూలు కార్బన్ దాన్ని అంతగా పట్టదు. దానికి పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి గానీ, యాక్టివేటెడ్ అల్యూమినా గానీ, ఆర్వో గానీ కావాలి.

అందుకే మిషన్ కొనే ముందే నీటి పరీక్ష చేయించాలి. కాస్మెటిక్ ఛార్జీలు ఎప్పుడొస్తాయని అడుగుతాం కదా, ఆ పరీక్ష కాగితం కూడా అడుగుదాం. కార్బన్ మార్చిన తేదీ నోటీసు బోర్డు మీద రాసే పని పదో తరగతి వాళ్లం మేము చేస్తాం.