ఇయర్‌బడ్స్ టెస్ట్ చేయాలా? బేస్ సాంగ్ ఆపి, 1958 నాటి అస్థిపంజరం ఫైట్ పెట్టండి

కొత్త ఇయర్‌బడ్స్ బాక్స్ ఓపెన్ చేయగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఫుల్ బేస్ ఉన్న మాస్ సాంగ్ ఒకటి పెట్టడం, చెవి దద్దరిల్లితే "సౌండ్ అదుర్స్" అనేయడం. రివ్యూల్లోనూ ఎక్కువగా ఇదే తంతు. ఈ టెస్టుతో నాకున్న ఇబ్బంది ఏంటంటే, ఇందులో ఫెయిలయ్యే ఇయర్‌బడ్స్ దాదాపు ఉండవు. అందరూ పాసైపోయే పరీక్షకి విలువేముంటుంది? దాన్ని నమ్మి రెండు వేలో, పది వేలో పెట్టేది మాత్రం మనమే.

నేను సజెస్ట్ చేసే టెస్ట్ ట్రాక్స్ కాస్త విచిత్రంగా అనిపించొచ్చు. పాత ఫాంటసీ అడ్వెంచర్ సినిమాల ఆర్కెస్ట్రా మ్యూజిక్. సింద్‌బాద్, రాక్షసులు, మాంత్రికులు, భూగర్భ ప్రయాణాలు, ఆ టైపు.

లాజిక్ సింపుల్. ఇప్పటి పాటల్లో చాలావరకు సౌండ్ లెవెల్ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండేట్టు కంప్రెస్ చేస్తారు. పైగా ఆ బీట్ కంప్యూటర్‌లో పుట్టింది. అది అసలు ఎలా వినిపించాలో ఎవరికీ తెలియదు కాబట్టి, ఇయర్‌బడ్స్ మార్చేసినా మనకి తెలియదు. అదే నిజమైన వాయిద్యమైతే మన దగ్గర రిఫరెన్స్ ఉంటుంది. పెళ్లి బ్యాండులో ట్రంపెట్‌ని దగ్గర నుంచి విన్నవాళ్లెవరైనా, ఇయర్‌బడ్స్‌లో అది ప్లాస్టిక్ బూరలా మోగితే వెంటనే పట్టేస్తారు.

టెస్ట్ 1: ఎముకల చప్పుడు

1958లో వచ్చిన 'ది సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్'లో హీరో ఒక అస్థిపంజరంతో కత్తియుద్ధం చేస్తాడు. రే హ్యారీహౌసెన్ ఆ బొమ్మని ఒక్కో ఫ్రేమ్‌కి కొంచెం కొంచెం కదుపుతూ తీసిన సీన్ అది. మ్యూజిక్ బెర్నార్డ్ హెర్మన్. ఎముకల చప్పుడు కోసం ఆయన వాడింది జైలోఫోన్, అంటే చెక్క పలకల మీద చిన్న సుత్తులతో వాయించేది. ఒక్కో దెబ్బ టక్కున మొదలై టక్కున ఆగిపోతుంది.

ఇయర్‌బడ్స్‌లో బేస్ అతిగా పెంచి ఉంటే, కింద వచ్చే వాయిద్యాల మోత జైలోఫోన్‌ని మింగేస్తుంది. ట్రెబుల్ అతిగా ఉంటే ప్రతి దెబ్బా చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. చెక్క చెక్కలానే వినిపిస్తే ట్యూనింగ్ కరెక్ట్‌గా ఉన్నట్టే.

టెస్ట్ 2: అసలైన బేస్

మరుసటి ఏడాది, 1959లో, 'జర్నీ టు ద సెంటర్ ఆఫ్ ది ఎర్త్'కి హెర్మన్ ఒక క్రేజీ పని చేశాడు. వయొలిన్ లాంటి తీగ వాయిద్యాల సెక్షన్ మొత్తాన్నీ తీసేసి, ఏకంగా ఐదు ఆర్గాన్లు పెట్టాడు. ఒకటి పెద్ద చర్చిల్లో ఉండే పైప్ ఆర్గాన్, నాలుగు ఎలక్ట్రానిక్. భూమి లోపలికి దిగేకొద్దీ మ్యూజిక్ కూడా కిందికి దిగాలన్నమాట.

బడ్జెట్ ఇయర్‌బడ్స్‌లో మనకి "బేస్" పేరుతో ఇచ్చేది చాలాసార్లు 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక ఉబ్బు మాత్రమే. డ్రమ్ బీట్‌కి అది బాగానే ఉంటుంది. ఆర్గాన్ లోతైన స్వరాలు పట్టినప్పుడు గుట్టు బయటపడుతుంది. మంచి ఇయర్‌బడ్స్‌లో ఏ స్వరం నుంచి ఏ స్వరానికి మారిందో తెలుస్తుంది. మామూలు వాటిలో అన్నీ కలిసి పాత ఫ్రిజ్ గుర్రుమన్నట్టు ఒకటే మోత.

టెస్ట్ 3: జనం ఎక్కువైతే?

1982 నాటి 'కోనన్ ద బార్బేరియన్'కి బేసిల్ పోలెడూరిస్ ఇచ్చిన మ్యూజిక్ వినండి. 24 ఫ్రెంచ్ హార్న్‌లు, కోరస్, పెద్ద డ్రమ్స్, అన్నీ ఒకేసారి మీద పడతాయి. హార్న్‌లు ఎక్కడ, కోరస్ ఎక్కడ అని విడివిడిగా తెలుస్తుందా, లేక అంతా కలిసి ముద్దపప్పు అవుతుందా? బ్లూటూత్ కోడెక్ తేడా పట్టుకోడానికి కూడా ఇలాంటి చోటే మంచిది. ఎస్‌బీసీలో ఒకసారి, 990 కేబీపీఎస్ దాకా వెళ్లే ఎల్‌డాక్‌లో ఒకసారి వినండి. నన్నడిగితే మాత్రం కోడెక్ కంటే ట్యూనింగే ముఖ్యం. ట్యూనింగ్ చెడిపోయాక ఎల్‌డాక్ లోగో చేసేదేం లేదు.

స్పేషియల్ ఆడియో ఆఫ్ చేయండి

1940 నాటి 'ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్' తీసుకోండి. మన మైసూరు ప్రాంతం నుంచి వెళ్లిన సాబూ అందులో మెయిన్ రోల్, మ్యూజిక్ మిక్లోష్ రోజా. అది మోనో రోజుల సినిమా, ఆ సౌండ్‌ట్రాక్‌లో లెఫ్ట్, రైట్ అనే సమాచారమే లేదు. మన ఫోన్‌లో స్పేషియల్ మోడ్ ఆన్ చేస్తే అది లేనిదాన్ని ఊహించి, ఎకో కలిపి ఇస్తుంది. బ్రాండ్లు దీన్ని అప్‌గ్రేడ్ అంటాయి. నేనైతే బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి రంగులేసే ఫిల్టర్ అంటాను.

ఇంకో విషయం. అప్పటి థియేటర్ ప్రింట్ల సౌండ్‌లో పై ఫ్రీక్వెన్సీలు సహజంగానే తక్కువ. అది విని ఇయర్‌బడ్స్‌ని తిట్టొద్దు. టెస్టుకి స్టీరియోలో మళ్లీ రికార్డ్ చేసిన వెర్షన్లు బెటర్. హెర్మన్ 1970ల్లో నేషనల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో డెక్కా కంపెనీకి చేసిన ఫాంటసీ ఆల్బమ్‌లో అస్థిపంజరం ఫైట్, భూగర్భ ప్రయాణం రెండూ ఉన్నాయి. మొదటి రెండు టెస్టులకీ అదొక్కటి చాలు.

"ఇవన్నీ ఎవరు వింటారు బ్రో?"

ఈ డౌట్ న్యాయమైనదే. రోజూ వినమని నేనూ అనడం లేదు. ఫోన్ రివ్యూలో గీక్‌బెంచ్ రన్ చేస్తాం. రోజూ గీక్‌బెంచ్ వాడతామా? చిప్ ఎక్కడ తడబడుతుందో తెలియాలని చేస్తాం. ఇదీ అంతే. జైలోఫోన్, ఆర్గాన్, 24 హార్న్‌ల దగ్గర తడబడని ఇయర్‌బడ్స్ మీకు కీరవాణి 'బాహుబలి' బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌నీ సరిగ్గా వినిపిస్తాయి. మాస్ బీట్ ఎలాగూ వినిపిస్తాయి. కేవలం మాస్ బీట్ కోసం ట్యూన్ చేసినవాటికి మాత్రం ఆ గ్యారంటీ లేదు.

డబ్బు కంటే పెద్ద విషయం కూడా ఒకటుంది. బేస్ మిగతా అన్నిటినీ కప్పేస్తే, మాటలూ డీటెయిల్స్ సరిగ్గా వినపడక మనం వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి సేఫ్ లిమిట్ 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. సౌండ్ పెరిగేకొద్దీ ఆ టైమ్ వేగంగా తగ్గిపోతుంది. ఇయర్‌బడ్స్ పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం, చెవుల విషయంలో ఆ ఆప్షన్ లేదు.

అందుకే రివ్యూయర్లకి నా రిక్వెస్ట్: "బేస్ పంచీగా ఉంది" అనే ముందు ఏ ట్రాక్ మీద విన్నారో చెప్పండి, అందులో కనీసం ఒక్కటైనా నిజమైన ఆర్కెస్ట్రా ఉండనివ్వండి. కొనేవాళ్లకి: ఈక్వలైజర్ ఆఫ్ చేసి, వాల్యూమ్ సగంలో పెట్టి, ఆ అస్థిపంజరం ఫైట్ ఒక్కసారి వినండి. రిటర్న్ విండో క్లోజ్ అయ్యేలోపే ఆ పని చేయండి.