ఎలాన్ వినిపించని ఇళ్లు



ఈ మధ్య ఒక జుమా నాడు నమాజ్ అయ్యాక మా బస్తీ మస్జిద్‌లో మైకు పట్టుకుని నాలుగు ఎలాన్లు చేశారు. ఒకటి, ఫలానా సాబ్ అమ్మీజాన్ ఇంతెఖాల్ అయ్యారు, అసర్ తర్వాత జనాజా నమాజ్. రెండు, వజూఖానా నల్లాల మరమ్మతుకు చందా. మూడు, ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి ఇషా తర్వాత మష్వరా, అందరూ రావాలి. నాలుగు, మైనారిటీ గురుకులాల్లో ఐదో తరగతి దాఖలాకు గడువు దగ్గర పడింది, పిల్లలున్నవాళ్లు త్వరగా దరఖాస్తు పెట్టుకోవాలి. సాయంత్రానికి అదే సంగతి మస్జిద్ వాట్సాప్ గ్రూపులో కూడా వచ్చింది. నేను చూశాను. ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఫోన్ జేబులో వేసుకున్నాను.

పది రోజుల తర్వాత మా పక్క గల్లీ ఖాలా ఇంటికొచ్చింది. ఆమె బేవా. భర్త పోయి నాలుగేళ్లయింది. మిషన్ కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. "బేటా, చిన్నదాన్ని గురుకులంల వేద్దామనుకుంటున్న. ఫారం ఎప్పుడు పెట్టాల్నో జర కనుక్కుని చెప్తవా?" అనడిగింది.

అప్పటికి గడువు దాటి రెండు రోజులు. "మస్జిద్‌లో ఎలాన్ చేశారు గదా ఖాలా" అన్నాను, తప్పు నాది కాదన్నట్టు.

ఆమె కోపం చేసుకోలేదు. "మా ఇంట్ల మర్దులు లేరు గదా బేటా. మాకెవరు చెప్తరు?" అంది. చాయ్ తాగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మా ఇంటావిడ అడిగిన మాట ఇంకా గుచ్చుకుంటోంది. "మీరు ఆ రోజే ఇంట్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఖాలాకు చెప్పేదాన్ని కదా?" నిజమే. నాకు చెప్పాలన్న ఖయాలే రాలేదు. నాకు తెలిసింది, పని అయిపోయింది అనుకున్నాను. ఆ పాపకు ఒక సంవత్సరం పోయింది.

మన బస్తీల్లో ఖబర్ మర్దులున్న ఇంటికే వస్తుంది, మర్దులున్న ఇంట్లో కూడా చాలాసార్లు వాళ్ల జేబులోనే ఆగిపోతుంది. ఇది ఒక్క ఖాలా గోడు కాదు కాబట్టే రాస్తున్నాను.

మనం ఉండే ఊరి పేరు ఒకసారి గుర్తు చేసుకోండి. హయత్‌నగర్. రోజూ బస్సు బోర్డు మీద చదువుతాం, ఆధార్ కార్డు మీద రాసుకుంటాం. ఆ హయాత్ ఎవరు? హయాత్ బక్షీ బేగం. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, ఆయన తర్వాత గద్దెనెక్కిన సుల్తాన్ మహమ్మద్‌కు బేగం, ఆ తర్వాతి సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. 1626లో అబ్దుల్లా చిన్న వయసులో తఖ్త్ మీద కూర్చున్నప్పుడు సల్తనత్ వ్యవహారాలు చూసుకున్నది ఆమే. 1656లో మొఘల్ షహజాదా ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, మొఘల్ డేరాకు స్వయంగా వెళ్లి సులహ్ మాటలు మాట్లాడింది కూడా ఆమే. జనం ఆమెను మాఁ సాహెబా అని పిలుచుకున్నారు. 1667లో వఫాత్ అయ్యారు. కుతుబ్‌షాహీ గుంబద్‌ల మధ్య ఆమె మక్బరా సుల్తానుల మక్బరాలకు దీటుగా నిలబడి ఉంది.

మన హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ మస్జిద్ ఉంది. దాని చుట్టూ సరాయి గదులు, దగ్గర్లో హాథీ బౌలి. గోల్కొండ నుంచి మచిలీపట్నం బందరుకు పోయే దారి ఇదే. సౌదాగర్లు, ముసాఫిర్లు, బండ్లవాళ్లు ఆగేవాళ్లు. తలదాచుకోవడానికి గది, తాగడానికి నీళ్లు, సజ్దా చేయడానికి జాగా, మూడూ ఒక్కచోటే. ఆ దారే ఇప్పుడు విజయవాడ హైవే.

ఒక ఔరత్ పేరు మీద నిలబడ్డ ఊళ్లో ఔరత్‌లకు మొహల్లా ఖబర్ అందదు. ఖబరస్తాన్ గోడ మష్వరాకు "అందరూ రావాలి" అన్నారు. ఆ "అందరూ"లో ఒక్క ఆడమనిషి లేదని ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. కానీ ఆ ఖబరస్తాన్‌లో మన అమ్మీలు, నానీలు కూడా పడుకుని ఉన్నారు.

పాతబస్తీలో ఈ ముష్కిల్ కొంత తక్కువ. అక్కడ గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటాయి. పొద్దున జరిగింది మధ్యాహ్నానికి ఆడవాళ్ల నోట గల్లీ మొత్తం తిరిగొస్తుంది. మన దగ్గర అలా కాదు. నల్లగొండ వైపు నుంచి, సూర్యాపేట వైపు నుంచి, ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఒక ప్లాటు, అక్కడ ఒక అపార్ట్‌మెంటు అన్నట్టు ఉంటున్నారు. ఒక కాలనీలో రెండు ముస్లిం ఇళ్లుంటే గొప్ప. మస్జిద్ మైకు మూడో అంతస్తు దాకా వినిపించదు. భర్త పొద్దున నాలుగింటికి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతే రాత్రికి వస్తాడు. ఇంట్లో ఆమెకు లోకం సంగతి చెప్పేదెవరు?

జబాన్ సంగతి ఇంకొకటి. గ్రూపులో వచ్చే పోస్టర్ ఉర్దూ లిపిలో ఉంటుంది. మా ఖాలా ఉర్దూ మాట్లాడుతుంది, ఖురాన్ అరబీలో చదువుతుంది, కానీ ఉర్దూ పోస్టర్ గబగబా చదవలేదు. బడిలో నేర్చుకున్నది తెలుగు. ఆమె పిల్లలదీ అంతే. ఉర్దూ మన తహజీబ్, దాన్ని వదలమని నేనెప్పుడూ అనను. కానీ కింద రెండు లైన్లు తెలుగులో వేస్తే ఉర్దూకు వచ్చే నుక్సాన్ ఏమిటి?

మెట్రో ఖబర్ చూడండి. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల లైన్ అని ప్రతిపాదన వచ్చింది. చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ ఎన్ని స్టేషన్లో, ఏ ప్లాటు ధర ఎంత పెరుగుతుందో తెలుసు. అదే గురుకులం గడువు, స్కాలర్‌షిప్, రేషన్ కార్డు, షాదీ ముబారక్ అంటే సగం ఇళ్లకు తెలియదు. షాదీ ముబారక్ కింద సర్కారు ఇచ్చే 1,00,116 రూపాయల చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. సర్కారుకు కూడా తల్లి చేతికే ఇవ్వాలని తెలిసింది. దరఖాస్తు సంగతి మాత్రం ఆమెకు ఎవరో మర్ద్ వచ్చి చెప్పాలి.

ఇది మాట్లాడితే వెంటనే ఒక సవాల్ వస్తుంది. "అంటే ఆడవాళ్లను మస్జిద్‌లోకి తెమ్మంటావా భాయ్? ఫిత్నా కాదా?" నేను ఆలిమ్‌ను కాదు, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. ఔరత్‌కు ఇంట్లో నమాజే మేలని చెప్పే హదీస్ ఉందని నాకూ తెలుసు. మన హనఫీ ఉలమాలో చాలామంది దాని మీదే నిలబడతారని కూడా తెలుసు. కానీ అల్లాహ్ బందీలను అల్లాహ్ మస్జిద్‌ల నుంచి ఆపవద్దని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెప్పిన మాట కూడా బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) బీవీ ఫజర్‌కు, ఇషాకు జమాత్‌తో చదవడానికి మస్జిద్‌కు వెళ్లేవారు. ఆయనకు అది అంతగా పసందు లేకపోయినా, హుజూర్ మాట ఉంది కాబట్టి ఆపలేదు. అంతటి ఉమర్ ఆపలేదంటే మనమెంత?

మన పెద్దలు కూడా ఈ మాట కాదనలేదు. 2020 జనవరిలో ముస్లిం పర్సనల్ లా బోర్డు సుప్రీంకోర్టుకు ఇచ్చిన హలఫ్‌నామాలో, నమాజ్ కోసం మస్జిద్‌లోకి రావడానికి ఔరత్‌లకు ఇజాజత్ ఉందని, జమాత్, జుమా మాత్రం వాళ్ల మీద తప్పనిసరి కాదని చెప్పింది. 2024లో మన తెలంగాణ హైకోర్టు దారుల్‌షిఫాలోని ఇబాదత్‌ఖానా కేసులో అక్బారీ షియా ఆడవాళ్ల ఇబాదత్ హక్కును నిలబెట్టింది. అది వేరే ఫిర్కా వ్యవహారం అనేవాళ్లుంటారు. సరే. కానీ మన ఇంటి ఆడవాళ్లు కోర్టు గడప ఎక్కేదాకా మనం ఎందుకు ఆగాలి? ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే మాట ఇది.

ఇంకో సంగతి. 2023 డిసెంబర్ నుంచి చాలా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. మన ఆపాలు దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాలకు, చార్మినార్‌కు, కోఠి ఆస్పత్రికి సొంతంగా పోయి వస్తున్నారు. జొహర్, అసర్ దారిలోనే అవుతాయి. మర్ద్ అయితే కనిపించిన మస్జిద్‌లో దిగి వజూ చేసుకుని నిలబడతాడు. మా ఇంటావిడ ఎన్నిసార్లో అసర్ ఖజా చేసుకుని ఇంటికొచ్చింది. వజూకు చాటు లేదు, గుసల్‌ఖానా లేదు, నిలబడడానికి పర్దా కట్టిన ఒక మూల లేదు. ఈ దారి మీదే మాఁ సాహెబా పేరున ముసాఫిర్లకు సరాయి ఉండేది.

నేను పెద్ద ఇంకిలాబ్ ఏమీ అడగడం లేదు. కమిటీ సాబ్‌లకు నాలుగు గుజారిష్‌లు.

ఒకటి, మస్జిద్ గేటు బయట, రోడ్డు మీద నుంచి కనిపించేలా ఒక బోర్డు పెట్టండి. ఆ వారం ఎలాన్లన్నీ ఉర్దూలో, తెలుగులో రాయించండి. పిల్లల్ని బడికి దింపే తల్లి నడుస్తూ చదువుకుంటుంది. ఖర్చు ఒక బోర్డు, ఒక చాక్‌పీస్.

రెండు, ఆడవాళ్లకు వేరే వాట్సాప్ గ్రూపు. దాన్ని ఇద్దరు ఆపాలే చూసుకోవాలి, మర్ద్‌ల నంబర్లు అందులో వద్దు. ఫోన్ లేని బేవాల ఇళ్లకు వెళ్లి చెప్పే జిమ్మేదారీ కూడా వాళ్లకే ఇవ్వండి. మనకంటే బాగా చేస్తారు.

మూడు, జాగా ఉన్న మస్జిద్‌లో ఒక పర్దా మూల, ఒక నల్లా, ఒక గుసల్‌ఖానా. జాగా లేనిచోట మస్జిద్ పక్కన ఉన్న ఎవరి ఇంట్లోనైనా ఒక గది. దారిన పోయే ఆపా రెండు రకాతులు చదువుకుని పోతుంది.

నాలుగు, ఖబరస్తాన్, జకాత్, ఫిత్రా పంపకం లాంటి మష్వరాలకు ముందు ఆడవాళ్ల రాయ్ కూడా తీసుకోండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో మనకంటే వాళ్లకు ముందు తెలుస్తుంది.

ఐదోది కమిటీకి కాదు, నాకూ, నాలాంటి భాయీలకూ. జుమా నుంచి ఇంటికొచ్చాక టోపీ తీసే ముందు, విన్న ఎలాన్ ఇంట్లో చెప్పండి. ఖుత్బాలో ఏం చెప్పారో చెప్పండి. దీనికి ఏ కమిటీ తీర్మానం అక్కర్లేదు.

నిన్న ఖాలా దగ్గరికి వెళ్లాను. వచ్చే ఏడాది గడువు నేను కనిపెట్టి చూస్తానని, దగ్గరుండి ఫారం నింపిస్తానని చెప్పాను. "ఇన్షా అల్లాహ్ బేటా" అంది. మళ్లీ తనే, "మా గల్లీ చివర ఇంకో బేవా ఉంది, ఆమెకూ ఒక బిడ్డ ఉంది. ఆమె పేరు కూడా రాసుకో" అంది. రాసుకున్నాను. మీ గల్లీలో అలాంటి ఇల్లు ఎక్కడుందో మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి, వాళ్లకు తెలిసే ఉంటుంది.

తెలిసింది చెప్పే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ఇవ్వాలి. ఆమీన్.