కూలి పద్దులో రాసిన కళ

విశ్వవిద్యాలయాల ఫైన్ ఆర్ట్స్ శాఖలకి ఒక ఆచారం ఉంది. పేరున్న కళాకారుణ్ణి పిలిపిస్తారు. వారమో నెలో గెస్ట్‌హౌస్‌లో ఉంచుకుంటారు. పిల్లలతో పని చేయిస్తారు. పోయేనాడు శాలువా కప్పి పంపుతారు. ఆ వచ్చినాయన్ని విజిటింగ్ ఆర్టిస్ట్ అంటారు. తెలుగులో అతిథి కళాకారుడు. పేరు బాగానే ఉంది. కానీ అతిథి అనాలంటే ముందు ఇల్లు ఎవరిదో తేలాలి గదా! ప్రజల డబ్బుతో కట్టిన ఆ ఇంట్లో మేం ఇంటోళ్ళం ఎట్టాగూ కాలేదు. కనీసం చుట్టాలమైనా ఎందుకు కాలేదు?

మా వాళ్ళు ఆ గేటు దాటలేదా అంటే దాటారు. బొమ్మ గియ్యటానికి కదలకుండా కూచునే మోడల్‌గా దాటారు. మట్టి పిసకటానికి, రాయి మొయ్యటానికి దాటారు. అరపూట ‘డెమాన్‌స్ట్రేషన్’ ఇచ్చి, తిన్న ఆకు తీసి పోవటానికి దాటారు. కళాకారుడన్న పేరుతో మాత్రం దాటనివ్వలేదు. ఇది నేను విని రాస్తున్న మాట గాదు.

మాది కృష్ణా జిల్లా ఉంగుటూరు. ఇటు గన్నవరం, అటు హనుమాన్ జంక్షన్, ఆ పైన నూజివీడు మామిడి. ఆ రసాలూ బంగినపల్లీ ఎక్కడెక్కడి బజార్లకో పోతాయి. తోటలు కామందులవి. చిక్కంతో కాయ కోసేది, గంప మోసేది, రాత్రుళ్ళు కావలి పడుకునేది మాల మాదిగ పల్లెలు. మా అయ్య తోట పని ఉన్నన్నాళ్ళు తోటకి పోయేవాడు. లేనప్పుడు తోలు పని. చావుకీ పెళ్ళికీ జాతరకీ డప్పు. కొట్టటమే గాదు, డప్పు కట్టేవాడు కూడా.

డప్పు కట్టటం అంటే ఏందో తెలియనోళ్ళ కోసం చెప్తాను. చర్మాన్ని సున్నం నీళ్ళలో నానేసి వెంట్రుక ఊడబెరకాలి. చెక్క చట్రానికి చింతగింజల జిగురు రాసి అతికించాలి. తోలు వారుతో బిగించి ఆరబెట్టాలి. ఆరాక ఎక్కడ వదులుందో వేలితో తట్టి కనిపెట్టాలి. గడ్డిమంట సెగ చూపితే తోలు బిగిసి శబ్దం ఖంగుమంటది. ఎంత సెగకి ఎంత బిగువో పుస్తకంలో ఉండదు, చేతిలో ఉంటది. ఒక చేత చిర్ర, ఒక చేత చిటికెన పుల్ల. చావు దెబ్బ వేరు, పెళ్ళి దెబ్బ వేరు, అమ్మోరి ముందు దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. పదార్థం, రూపం, నిర్మాణం, ధ్వని, ప్రదర్శన అని ఐదు పేర్లు పెట్టి ఫైన్ ఆర్ట్స్‌లో మాకు ఏళ్ళ తరబడి చెప్పిన చదువంతా మా పెరట్లో ఒక్క సున్నపు తొట్టి చుట్టూ ఉంది.

నేను ఫైన్ ఆర్ట్స్‌లో చేరింది 1994లో. ఆ ఏడే జులై 7న మాదిగ దండోరా పుట్టింది. చావుకి కబురొస్తే తలొంచుకుని చంకన పెట్టుకుపోయే డప్పుని మా వాళ్ళు నడిరోడ్డు మీద గుండెకెత్తి కొట్టారు. ఆ శబ్దం చెవుల్లో ఉండగానే నేను క్లాసులో కూచున్నాను. మూడో ఏట, ఎవర్ని విజిటింగ్ ఆర్టిస్టుగా పిలుద్దామో రాసివ్వమని విద్యార్థుల్ని అడిగారు. నేనూ ఇంకో నలుగురం రాసిచ్చాం. డప్పు కట్టే పెద్దమనిషిని పది రోజులు పిలవండి, తోలు పని నేర్చుకుంటాం అని. ఆ శాఖ పేరు ఇక్కడ రాయను. అది ఆ ఒక్క శాఖకున్న జబ్బయితే రాసేవాణ్ణి.

బయోడేటా అడిగారు. డిగ్రీ అడిగారు. ఎన్ని ఎగ్జిబిషన్లు, కేటలాగు ఉందా అన్నారు. తిరగ్గా తిరగ్గా పది రోజులు ఒక పూటయింది. విజిటింగ్ ఆర్టిస్ట్ అన్న మాట కొట్టేసి ‘జానపద ప్రదర్శన’ అని రాశారు. హాలు పోయి చెట్టు కిందికొచ్చింది. మా అయ్య డప్పు కాయటానికి నాలుగు పుల్లలు అంటిస్తే, మంట వెయ్యకూడదని వాచ్‌మన్ వచ్చి ఆర్పించాడు. అదే ఆవరణలో అతిథిగా వచ్చిన శిల్పి వెల్డింగు చేస్తుంటే నిప్పులు రాలతానే ఉన్నాయి. వాటినెవరూ ఆర్పమన్లేదు.

ఆ శిల్పికి హానరేరియం, రైలు ఛార్జీ, గెస్ట్‌హౌస్ భోజనం. మా అయ్యకి ఓచరు. ఓచరు మీద ‘లేబర్ ఛార్జెస్’ అని టైపు కొట్టుంది. ఇంకుప్యాడు ముందుకు జరిపారు. మా అయ్య సంతకం నేర్చినోడు. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. బస్సులో అడిగాడు.

“పద్దులో ఏం రాశార్రా?”

“కూలి అని రాశారయ్యా.”

“తోటలో కామందు కూడా అదే రాత్తాడు గదా. దానికి ఇంత దూరం పిలవాలా?”

ఆ ప్రశ్న మా అయ్య నన్నడిగినా జవాబు చెప్పాల్సింది మీరు.

గుమాస్తాకి తెలియక రాశాడంటారేమో. గుమాస్తాకి బాగా తెలుసు. ఈ దేశంలో కళని రెండు పద్దుల్లో రాస్తారు. చెయ్యి నల్లబడితే కూలి పద్దు, చెయ్యి తెల్లగా ఉంటే గౌరవ పద్దు. మా పక్కనున్న నూజివీడు వీణనే తీసుకోండి. పనస చెక్కని తొలిచి, నునుపు తీసి, మెట్లు కట్టేది ముస్లిం పనివాళ్ళు. దాన్ని ఒళ్ళో పెట్టుకు వాయించే విద్వాంసులకి సంగీత శాఖల్లో కుర్చీలున్నాయి. వీణ పుట్టించే చెయ్యి, మెట్టు ఊడినప్పుడు గుర్తొచ్చుద్ది. మృదంగం సంగతీ అంతే. తమిళనాట మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం రాస్తే, ఆవిష్కరణకి ఇచ్చిన హాలుని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. మృదంగం మోగాలి, ఆ చర్మం ఎక్కడిదో, దాన్ని బాగు చేసిన చెయ్యి ఎవరిదో సభలో వినపడకూడదు.

మమ్మల్ని పూర్తిగా వదిలేస్తారా అంటే అదీ లేదు. బొమ్మలో కావాలి. ఓ వేసవిలో మా క్లాసుని మామిడి తోటలకి లాండ్‌స్కేప్ క్యాంపుకి తీసుకెళ్ళారు. వెంట అతిథి చిత్రకారుడు. కామందు మేడలో ఆయనకి బస, రసాలు. కాయ మోసే ఆడోళ్ళని గంపలు నెత్తినబెట్టుకుని అట్టాగే నిలబడమన్నాడు. ఖాళీ గంపైతే మెడలో ఆ బిగువు రాదంట, కాయలు ఉండాల్సిందేనంట. ముప్పావుగంట నిలబడ్డారు. అందులో మా పిన్నీ ఉంది. బొమ్మకి ‘గ్రామీణ సౌందర్యం’ అని పేరు పెట్టాడు. ఆ ముప్పావుగంటకి కామందు కూలి కోశాడో లేదో ఆయన అడగలేదు.

“ఆ రోజులు పోయాయి, ఇప్పుడు జానపద కళలకి గౌరవం ఇస్తున్నాం గదా” అంటారు. సరే, చూద్దాం. దక్కలి కులంలో పుట్టి పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కూలి పని చేస్తున్నాడని పత్రికలే రాశాయి. పద్మశ్రీ కూడా కూలి పద్దుని చెరపలేకపోయింది. కిన్నెర నేర్పాలంటే నేర్చుకునే పిల్లలు కావాలి, ఏళ్ళు కావాలి, నెల జీతం కావాలి. బిరుదుతో బియ్యం రావు.

2023లో యుజిసి కళాకారుల్నీ చేతిపనివాళ్ళనీ విద్యాసంస్థల్లోకి తీసుకునే పథకానికి మార్గదర్శకాలు తయారుచేసింది. మంచిదే అనుకుని చూస్తే అందులో మూడు మెట్లు. గురు, పరమగురు, పరమేష్ఠి గురు. అగ్రహారం వాసన కొట్టట్లేదా? మట్టి ముట్టుకునే వాణ్ణి, తోలు ముట్టుకునే వాణ్ణి పిలవటానిక్కూడా మీకు నిచ్చెనే కావాల్సొచ్చిందా? గురువన్న మాట వింటేనే ఉలిక్కిపడే బొటనవేలు మాది. పరమేష్ఠి దాకా ఎక్కేదెవరో, కింద నిచ్చెన పట్టుకునేదెవరో మాకు చూడకుండానే తెలుసు.

ఇంకో మర్మం ఉంది, విద్యార్థులు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర ప్రభుత్వ తాత్కాలిక నియామకాలు 45 రోజులకి తగ్గకుండా ఉంటే రిజర్వేషన్ పాటించాలని ఉత్తర్వులున్నాయి. అతిథి కళాకారుడు వారానికొస్తాడు, నెలకొస్తాడు. రోస్టరు లేదు, ప్రకటన లేదు, ఇంటర్వ్యూ లేదు. ఆచార్యుడికి తెలిసినోడు, ఆ తెలిసినోడికి తెలిసినోడు. రిజర్వేషన్ తలుపు దగ్గర మెరిట్ మెరిట్ అని అరిచే నోళ్ళు ఈ దొడ్డిదారి దగ్గర ఎందుకు మూతపడతాయి?

“మీది సంప్రదాయం, మా శాఖ చెప్పేది ఆధునిక కళ” అనేది చివరి వాదన. శాంతినికేతన్ కళాభవన్ 1919లో మొదలైంది. నందలాల్ బోస్ కాలంలోనే అక్కడికి జైపూర్ నుంచి గోడచిత్రాల పనివాణ్ణి రప్పించి ఆయన దగ్గర ఆ పద్ధతి నేర్చుకున్నారు. దానివల్ల వాళ్ళ ఆధునికత మైలపడలేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1936లో జాన్ స్టూవర్ట్ కర్రీ అనే చిత్రకారుణ్ణి నివాస కళాకారుడిగా పెట్టుకుంది. ఏ కాలేజీలోనో తెలుసా? వ్యవసాయ కాలేజీలో! పల్లెల్లో బొమ్మలేసే రైతుల దగ్గరికి పోయి వాళ్ళ పని చూసి, మాట్లాడి, ఉత్సాహపరచటం ఆయన ఉద్యోగంలో భాగం. నల్లవాళ్ళ విముక్తి మీద ఆయన వేసిన నమూనాని వాషింగ్టన్‌లో న్యాయశాఖ భవనానికి వద్దన్నారు. 1942 నాటికి అదే బొమ్మ విస్కాన్సిన్ లా లైబ్రరీ గోడ మీదికెక్కింది. అమెరికా స్వర్గమని నేను చెప్పట్లేదు. నల్లవాళ్ళని వాళ్ళేం చేశారో లోకానికి తెలుసు. అతిథి కళాకారుడంటే ఊళ్ళోకి పోవాల్సినోడనీ, గోడకెక్కించాల్సింది విముక్తి బొమ్మనీ ఒక విశ్వవిద్యాలయానికి అప్పుడే తట్టింది అంటున్నాను. మా మామిడి తోటల్లోకొచ్చిన అతిథికి గంపలోని బరువు తట్టలేదు.

మీరు చెప్పే ఆధునిక కళలో ఇన్‌స్టలేషన్ అని ఒకటుంది. దాని మీద పాఠం చెప్పటానికి దూరాల నుంచి అతిథులొస్తారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1988 నుంచీ సరోజినీ నాయుడు పేరుతో కళల స్కూలుంది. ఆ ఆవరణలోనే 2016 జనవరిలో, హాస్టల్ నుంచి వెళ్ళగొట్టబడిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలున్న ఫ్లెక్సీలు కట్టి ఆరుబయట కాపురం పెట్టారు. దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. నాలుగు ఫ్లెక్సీలతో, ఒక్క మాటతో ఈ దేశపు విశ్వవిద్యాలయం అసలు రూపాన్ని వాళ్ళు నిలబెట్టి చూపించారు. ఏ అతిథి కళాకారుడు అంత పని చేశాడు? వాళ్ళని ఎవరూ ఆహ్వానించలేదు. వాళ్ళు అక్కడి విద్యార్థులు. చదువుకునే చోటే వాళ్ళని బయటివాళ్ళని చేశారు.

కాబట్టి మేమడిగేది దానం గాదు. ఒకటి, అతిథి కళాకారుల్ని ఎంచే పద్ధతి బహిరంగంగా ప్రకటించాలి. ఏడాది మొత్తం మీద పిలుపుల్ని లెక్కగట్టి రిజర్వేషన్ పాటించాలి. రెండు, డప్పు కట్టేవాడికీ కాన్వాసు గీసేవాడికీ ఒకే హానరేరియం, ఒకే గెస్ట్‌హౌస్, ఒకే పద్దు ఉండాలి. మూడు, అరపూట ప్రదర్శనలు ఆపి కనీసం ఒక సెమిస్టరు పాఠం చెప్పనివ్వాలి. ఆ పాఠానికి మార్కులుండాలి. నాలుగు, తోలు, మట్టి, కర్ర, కిన్నెర, చిందు నేర్పటానికి పర్మనెంటు పోస్టులు వెయ్యాలి. శాలువాలు మాకొద్దు. మా పెట్టెల్లో అవి దాచుకునే చోటు లేదు.

ఫైన్ ఆర్ట్స్ చదివే మాల మాదిగ పిల్లలారా! 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. మీ శాఖలో పదేళ్ళుగా విజిటింగ్ ఆర్టిస్టులుగా ఎవరెవర్ని పిలిచారో, ఎన్ని రోజులుంచారో, ఎవరికెంత ఏ పద్దు కింద ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. మోడళ్ళకిచ్చింది, మట్టి పిసికినోళ్ళకిచ్చింది, డప్పు కొట్టినోళ్ళకిచ్చింది కూడా అడగండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి శాఖ గోడకి అంటించండి. మెరిట్ గురించి ఆ గోడ ముందు నిలబడి మాట్లాడదాం.