పాళ్ళ లెక్కయు, పైన కాయు ఎండయు

చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కల నతికి విమానములకును, రైలింజనులకును, యుద్ధశకటములకును ప్రతిరూపములు నిర్మించి, వానికి ఎయిర్ బ్రష్షుతో రంగు వేయు వ్యాసంగమున క్రొత్తగా ప్రవేశించిన ప్రతివాడును మొట్టమొదట వేయు ప్రశ్న యొక్కటే: రంగునకు థిన్నరు ఎన్ని పాళ్ళు? సగానికి సగమని యొకరు, రెండు పాళ్ళ రంగునకు ఒక పాలని వేరొకరు, సీసా మీద అచ్చు వేసినట్లు కలిపిన చాలునని మరియొకరు సెలవిత్తురు; అడిగినవాడు ఆ సంఖ్యను పట్టుకొనిపోయి, రంగు పొడిపొడిగా రాలినదనియో, ధారగా కారినదనియో మరల వచ్చును. అడిగినవానిని నేను తప్పు పట్టను. సంఖ్యతో తేలని విషయమునకు సంఖ్య నొకదానిని చేతిలో పెట్టి పంపువారు మాత్రము నేర్పుచున్నామని చెప్పుకొనరాదు.

అసలు పలుచన చేయుట ఎందులకు? 1:72 ప్రమాణపు విమానము మీద రంగు పదోవంతు మిల్లీమీటరు మందమున పేరుకొన్నచో, నిజమైన విమానము మీద 7 మిల్లీమీటర్లకు పైగా పేరుకొన్నట్లు లెక్క. రేకుల నడిమి సన్నని గీతలును, రివెట్లును అందులో పూడిపోవును. కావున రంగు పలుచని పొరలుగా, ఒకదానిపై నొకటిగా పడవలెను. ఎయిర్ బ్రష్షు మూతి రంధ్రము తరచు 0.3 మిల్లీమీటరు మాత్రమే. 15 మొదలు 20 పీఎస్ఐ వరకు పీడనము గల గాలి ఆ రంధ్రము నుండి రంగును లాగి తుంపరగా చీల్చవలెను. చిక్కని రంగు చీలక చుక్కలు చుక్కలుగా పడును. మితిమీరి పలుచనైనది గాలి తాకిడికి నలుదిక్కుల పాయలై పరుగెత్తును.

ఇంతవరకు అందరును చెప్పుదురు. రంగును పలుచన చేయుటతో థిన్నరు పని ముగిసిపోదనుట మాత్రము చెప్పువారు తక్కువ. తుంపరను ప్లాస్టిక్కును చేరువరకు తడిగా నిలిపి, చేరిన పిమ్మట అది పరచుకొని నున్నబడువరకు ఆగి, అటు తరువాతనే థిన్నరు ఎగిరిపోవలెను. అది ఎప్పుడు ఎగిరిపోవలెనో నిర్ణయించుటలో మన పాళ్ళ కంటె ఆనాటి గాలికే ఎక్కువ అధికారము. ఉప్పల్ దాటి వరంగల్ రహదారి మీద ఘట్‌కేసర్‌కు ఇవతల నున్న మా అన్నోజిగూడలో, మే నెల మధ్యాహ్నము ఎండ 40 డిగ్రీలు దాటిన వేళ, పై అంతస్తు గదిలో కూర్చుండి, బజారులో దొరకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజు) థిన్నరు కలిపిన రంగును చిమ్మి చూడుడు: అది దారిలోనే ఎండి, విమానపు రెక్క మీద గరుకైన పొడియై కూర్చుండును, వ్రేలితో రాచినచో వ్రేలికే అంటుకొని వచ్చును. క్రొత్తవాడు దీనిని చూచి థిన్నరు చాలలేదని మరికొంత పోయును. గరుకు కొంత తగ్గును గాని, రంగును పట్టి నిలుపు బంధకద్రవ్యము కూడ పలుచబడి, మరునాడు మాస్కింగ్ టేపు తీసినపుడు పొర టేపుతోపాటు లేచివచ్చును. అట్టి దినమున థిన్నరు పెంచుట కంటె, రిటార్డరు చేర్చి నిదానముగా ఆరునట్లు చేయుట మేలు. అదియును లేనివారు తెల్లవారుజామున లేచి పని చూచుకొనుట మేలు. జపానులోని షిజువోకా నుండి వచ్చు టామియా రంగు సీసా మీది మాట వ్రాసినవారు మన రోహిణి కార్తెను తలచుకొని వ్రాసియుండరు గదా!

వానకాలమున ఉపద్రవము వేరు. ద్రావకము త్వరగా ఎగిరిపోవునపుడు దాని వెంట వేడియు పోయి రంగుపొర చల్లబడును. చల్లబడిన చోట గాలిలోని తేమ దిగి, నైట్రోసెల్యులోజు రంగు మీద తెల్లని మసక క్రమ్మును. దీనికిని మందు ఆ రిటార్డరే. ఈ నైట్రోసెల్యులోజు జాతి మనకు పరాయిది కాదు. డ్యూపాంట్ సంస్థవారి డ్యూకో రంగు 1923లో జనరల్ మోటార్సువారి ఓక్‌లాండ్ కార్ల మీదికి ఎక్కి, వారముల తరబడి సాగు రంగుల పనిని దినములలోనికి కుదించినది. పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపి అతుకులు పూడ్చు మన నిర్మల్ కళాకారులును పూర్వపు సహజవర్ణములను విడిచి ఆ డ్యూకోనే చేపట్టిరి.

మరి చిక్కదనమును గుర్తించుట ఎట్లు? రంగు పాలవలె నుండవలెనని లోకమంతటను నమూనా నిర్మాతలు చెప్పుకొందురు. ఏ పాలు? టోన్డ్ పాకెట్టున కొవ్వు 3 శాతము, ఫుల్ క్రీమున 6 శాతము. ఇక బిందెలో వచ్చు గేదెపాలలో నీరెంతయో పోసినవానికే తెలియును. ఉపమానమునకు బదులు పరీక్షను నమ్ముట మంచిది: కలిపిన రంగును పుల్లతో గాజుపాత్ర గోడమీదికి లాగి విడిచినపుడు, గోడను అంటిపెట్టుకొనక, నీరువలె ఒక్కసారి జారిపోక, పలుచని పొరను వెనుక విడిచి నిదానముగా దిగవలెను. పిమ్మట ఒక ప్లాస్టిక్ చెంచా వీపుమీద చిమ్మవలెను. పడిన క్షణమున తడిగా మెరసి, నాలుగైదు క్షణములలో ఆ మెరుపు ఆరినచో ఆనాటికి ఆ కలయిక సరిపోయినట్లే.

ఈ విద్యకు గురువులు మన చుట్టునే ఉన్నారు. నాచారము, ఉప్పల్ ప్రాంతములలో కార్లకు డెంటింగు, పెయింటింగు చేయు షెడ్డులలోని ఉస్తాదు పాళ్ళ పట్టికను చూడడు. పుల్లనెత్తి ధార తెగు తీరును చూచును, ఎండను చూచి స్లో థిన్నరు వేయవలెనో ఫాస్ట్ థిన్నరు వేయవలెనో నిశ్చయించును. కర్మాగారములవారు ఇదే పనికి ఫోర్డ్ కప్పు బీ4 అను గిన్నెను వాడుదురు. 30 డిగ్రీల వద్ద రంగు అడుగు రంధ్రము గుండ కారుటకు ఎన్ని క్షణములు పట్టునో లెక్కింతురు. ఆ గిన్నె నిండుటకు సుమారు 100 మిల్లీలీటర్ల రంగు కావలెను. మన చిన్న సీసాలో ఉన్నదే 10 మిల్లీలీటర్లు! కాబట్టి మనకు మిగిలినది ఉస్తాదు కన్నే. అయితే అతని గన్ను రంధ్రము 1.3 మిల్లీమీటర్లు, వైశాల్యమున మనదానికి పందొమ్మిది రెట్లు. అతని కలయికను యథాతథముగా తెచ్చుకొన్నచో మన ఎయిర్ బ్రష్షు మూతి మూసుకొనిపోవును.

ఏ రంగునకు ఏ థిన్నరో తెలిసికొనుట పాళ్ళకంటె ముందటి మాట. ఎనామెలునకు టర్పెంటైను చెల్లును. వాలెహో వంటి నీటి ఆక్రిలిక్కులో ఎన్‌సీ థిన్నరు పోసినచో అది జిగురుముద్ద యగును. పైగా ఘాటైన థిన్నరు పాలిస్టైరీను ప్లాస్టిక్కునే కరగించును. హార్డ్‌వేరు దుకాణములలో ఈ థిన్నరును మంచినీళ్ళ సీసాలలో పోసి పేరైనను వ్రాయక ఇచ్చు అలవాటొకటి కలదు. పసిపిల్లలున్న ఇంటికి అట్టి సీసాను తెచ్చుట కంటె అవివేకము లేదు. గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపునేమో గాని థిన్నరులోని టొలువీను ఆవిరిని ఆపదు. అందులకు రసాయనపు ఆవిరులను పట్టు కార్ట్రిడ్జి మాస్కు కావలెను, తెరచిన కిటికీ కావలెను, సమీపమున నిప్పు లేకుండవలెను.

2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకము క్రింద ఆరు మొదలు పండ్రెండవ తరగతి వరకు చదువు పిల్లల కొరకు ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చుచున్నారు. ఆ పిల్లలు త్రీడీ ప్రింటరుతో ఉపగ్రహములను, వంతెనలను, రాకెట్లను అచ్చొత్తుదురు. ఆ వస్తువులు పొరల చారలతోనే బల్ల మీద మిగిలిపోవును. గరుకు కాగితముతో రుద్దుట, లప్పము పెట్టుట, ప్రైమరు వేయుట, రంగు కలిపి చిమ్ముట వస్తువు నిర్మాణములో భాగము కాదని మనము ఎప్పుడు నిశ్చయించితిమో నాకు తెలియదు. ఈ ప్రయోగశాలల పరికరముల జాబితా వ్రాయు అధికారులు ఒక చిన్న కంప్రెసరును, రెండు ఎయిర్ బ్రష్షులను, ఆవిరులను బయటికి లాగు పెట్టె నొకదానిని అందులో చేర్చవలెను. పిల్లల చేతికి నీటి ఆక్రిలిక్కులను మాత్రమే ఈయవలెను. నెలకొక పూట సమీపపు షెడ్డు నుండి ఒక ఉస్తాదును పిలిపించి, గౌరవవేతన మిచ్చి, రంగు కలుపుట ఆయనచేతనే నేర్పింపవలెను.