కొండ రైతుకు మైదానం కొలబద్దా?

డ్రోన్లతో వ్యవసాయం మారిపోతుందని ప్రభుత్వాలు ఊదరగొడుతున్నాయి. డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయం ఇస్తున్నారు. మంచిదే. అయితే ఆ డ్రోన్ కొండవాలులో ఎగిరితే ఎత్తు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో రైతుకు ఎవరు చెప్పారు?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా ఎగరవచ్చు. అది దాటితే యెల్లో జోన్. విమాన రాకపోకలను నియంత్రించే అధికారుల అనుమతి ఉండాలి. నిబంధన తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా అని అప్పుడే రాశారు.

చట్టం చెప్పే 120 మీటర్లు నేల మీద నుంచి. రైతు చేతిలోని రిమోట్ తెర మీద సాధారణంగా కనిపించే అంకె మాత్రం డ్రోన్ లేచిన చోటు నుంచి. గోదావరి డెల్టాలో ఈ రెండూ ఒకటే. అరకు, పాడేరు కొండల్లో ఒకటి కాదు.

లెక్క చూడండి. కొండ అడుగున నిలబడి డ్రోన్ లేపారు. చేను పైఅంచు 150 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నేలకు 20 మీటర్ల పైన ఎగురుతుంటే తెర మీద 170 అని పడుతుంది. తప్పేమీ లేకపోయినా ఆ అంకె చూసి ఎవరైనా కేసు రాయవచ్చు. లేదా యంత్రంలో పెట్టిన ఎత్తు హద్దు దాన్ని మధ్యలోనే ఆపేస్తుంది.

ఇప్పుడు కొండ మీద నుంచి లేపండి. డ్రోన్ 150 మీటర్ల లోతున్న లోయ మీదికి వెళ్లింది. తెర మీద 50 అనే ఉంటుంది. నిజానికి అది నేలకు 200 మీటర్ల పైన ఉంది. రైతుకు తెలియకుండానే హద్దు దాటాడు. ఆ ఎత్తున హెలికాప్టర్ వస్తే జరగబోయే ప్రమాదానికి బాధ్యులెవరు?

"మందు కొట్టే డ్రోన్ పైరుకు రెండు మూడు మీటర్ల పైనే కదా ఎగిరేది, 400 అడుగులతో రైతుకేం పని?" అని కొందరు అధికారులు అనవచ్చు. ఆ రెండు మూడు మీటర్లు పైరు మీద నుంచి. కొండవాలున పైరు కూడా ఎత్తుకు పోతూనే ఉంటుంది. పొలం పటం తీసే కెమెరా డ్రోన్‌కైతే ఈ చిక్కు ఇంకా ఎక్కువ. కొండతోపాటు పైకి లేవకపోతే వెళ్లి కొండకే గుద్దుకుంటుంది.

ఇది పరిష్కారం లేని సమస్య కాదు. ఐరోపా సమాఖ్య 2019 నిబంధనల్లోనే 120 మీటర్లను అతి దగ్గరి నేల నుంచి కొలవాలని, మైదానమా, గుట్టలా, పర్వతాలా అన్నదాన్ని బట్టి కొలత ఉండాలని స్పష్టంగా రాసుకున్నారు. మన దగ్గర తూర్పు కనుమలు, పడమటి కనుమలు, హిమాలయాలు ఉన్నాయి. ఆ రెండు వాక్యాలు రాయడానికి ఢిల్లీకి అడ్డేమిటి?

రాజ్‌మా, పసుపు, వలిసెలు పండించే గిరిజన రైతు వీపున మందు ట్యాంకు మోస్తూ వాలు ఎక్కుతున్నాడు. డ్రోన్ అవసరం అందరికంటే అతనికే ఎక్కువ. నిబంధనలు రాసినవాళ్ల కళ్లకు ఆనింది మాత్రం మైదానమే.

అందుకే మన డిమాండ్లు:

1. కొండ ప్రాంతాల్లో ఎత్తును డ్రోన్ కింది నేల నుంచే కొలవాలని నిబంధనల్లో విడమరిచి రాయాలి. దాన్ని తెలుగులో ఊరూరా అందించాలి.

2. ఏజెన్సీలో సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి డ్రోన్‌కూ నేల నుంచి ఎత్తు కొలిచే సెన్సర్ ఉండాలి.

3. శిక్షణ చదును మైదానంలో ముగించకూడదు. కొండవాలు మీద కూడా ఎగరేయించాలి.

4. రిమోట్ తెర మీది అంకె ఒక్కటే చూసి రైతుకు జరిమానా వేయరాదు.

ఇవి వచ్చేదాకా కొండ మీది సభ్యులు ఒక జాగ్రత్త పాటించండి. పని చేసే చోటుకు దగ్గరగా, వీలైనంతవరకు అదే ఎత్తున నిలబడి డ్రోన్ లేపండి. వాలు మారినప్పుడల్లా దించి, చోటు మార్చి మళ్లీ లేపండి. లోయ మీదికి పోనివ్వకండి. మన జాగ్రత్త మనం తీసుకుంటాం. కొలబద్ద సరిచేసే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.