రీల్స్‌లో మంచు కొండలు.. నిజానికి రాతి బూడిద! చిన్న మార్బుల్ క్వారీ వెనుక పెద్ద లెక్క ఇదీ

తెల్లటి నేల, మధ్యలో నీలం రంగు నీళ్లు, డ్రోన్ షాట్, వెనుక రొమాంటిక్ సాంగ్. ఈ రీల్ మీ ఫోన్లో ఒక్కసారైనా కనిపించే ఉంటుంది. కశ్మీర్ అనుకుంటారు కొందరు, స్విట్జర్లాండ్ అనుకుంటారు ఇంకొందరు. అది రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్. అజ్మీర్ జిల్లాలో ఉంది. మంచు అనుకున్నది మంచు కాదు, పాలరాయిని కోసినప్పుడు వచ్చే బురద ఎండి పొడైన గుట్ట. 300 ఎకరాలకు పైగా పరుచుకున్న డంపింగ్ యార్డ్ అది. ప్రీ వెడ్డింగ్ షూట్లకు, సినిమా పాటలకు ఇప్పుడు ఫేమస్ స్పాట్.

మరి ఆ నీళ్లు అంత నీలంగా ఎందుకున్నాయి? అతి సన్నటి కాల్షియం కార్బొనేట్ రేణువులు నీళ్లలో తేలుతూ ఉంటే వెలుతురు వాటి మీద పడి చెదురుతుంది. కంటికి నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు కనిపిస్తుంది. అంటే ఆ అందం కూడా వ్యర్థం పుణ్యమే అన్నమాట.

మన ఇళ్లకూ ఈ గుట్టకూ సంబంధం లేదనుకోవద్దు. హైదరాబాద్, విజయవాడ మార్బుల్ షాపులకు లారీల్లో దిగే పలకల్లో చాలా వరకు కిషన్‌గఢ్, మక్రానా, రాజ్‌సమంద్ వైపు నుంచే వస్తాయి. గృహప్రవేశం రోజున మెరిసే ఫ్లోరింగ్ తాలూకు మిగతా సగం అక్కడ గుట్టగా పడి ఉంటుంది.

సగం రాయి, సగం చెత్త

పాలరాయి అంటే భూమి లోపల వేడికి, ఒత్తిడికి రూపం మారిన సున్నపురాయి. గ్రానైట్‌తో పోలిస్తే మెత్తన. అందుకే దాన్ని పేల్చి తీయరు, కోసి తీస్తారు. బ్లాస్టింగ్ గట్టిగా చేస్తే దిమ్మెలో పగుళ్లు వచ్చి రాయి పాడవుతుంది. వజ్రపు పూసలు గుచ్చిన తీగను రాతి చుట్టూ తిప్పి, నీళ్లు పోస్తూ కోస్తారు. దీన్నే డైమండ్ వైర్ సా అంటారు. కోసిన దిమ్మెను క్రేన్‌తో పైకి లాగుతారు.

సమస్య ఇక్కడే మొదలవుతుంది. పగులు ఉన్నా, మచ్చ ఉన్నా, రంగు తేడా ఉన్నా ఆ దిమ్మె అమ్ముడుపోదు. పైనున్న మట్టి, పనికిరాని రాయి ముందే తీసేయాలి. అందుకే తవ్విన దాంట్లో సగానికి పైగా వ్యర్థంగా పోయే క్వారీలు సర్వసాధారణం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక హెక్టారు క్వారీ, అంటే రెండున్నర ఎకరాలు. 10 మీటర్ల లోతు తవ్వారనుకోండి. లక్ష ఘనపు మీటర్ల రాయి బయటికి వస్తుంది. ఘనపు మీటరు పాలరాయి బరువు సుమారు 2.7 టన్నులు. మొత్తం 2.7 లక్షల టన్నులు. అందులో సగం వ్యర్థం అనుకున్నా 50 వేల ఘనపు మీటర్లు. పగలగొట్టిన రాయి మధ్యలో ఖాళీలతో ఉబ్బుతుంది కాబట్టి అది 70 వేలు అవుతుంది. సగటున 10 మీటర్ల ఎత్తు గుట్ట పోసినా దానికి 7 వేల చదరపు మీటర్లు, అంటే ఎకరం ముప్పావు స్థలం కావాలి. రెండున్నర ఎకరాల క్వారీకి ఎకరం ముప్పావు చెత్తకుండీ!

ఆ స్థలం ఎక్కడుంది? లీజు లోపల గొయ్యి ఉంది, క్రేన్ ఉంది, బండ్ల దారి ఉంది. మిగిలేది పక్కనున్న పశువుల మేత భూమి, వాగు గట్టు, చెరువులోకి నీళ్లొచ్చే కాలువ. చిన్న క్వారీ చేసే నష్టంలో ఎక్కువ భాగం గొయ్యిలో ఉండదు, గొయ్యి బయట పోసే ఈ గుట్టలోనే ఉంటుంది. తనిఖీకి వెళ్లేవాళ్లు మాత్రం ముందు గొయ్యిలోకే తొంగి చూస్తారు!

క్వారీ దాటాక రెండో రౌండ్. దిమ్మె ఫ్యాక్టరీకి చేరి గ్యాంగ్ సాలో పలకలవుతుంది. 18 మిల్లీమీటర్ల పలక కోయడానికి బ్లేడు సుమారు 5 మిల్లీమీటర్ల రాయిని పొడి చేస్తుంది. అంటే మంచి దిమ్మెలో కూడా ఐదో వంతుకు పైగా పొడై నీళ్లలో కలుస్తుంది. ఆ పాల లాంటి బురదే స్లర్రీ. ట్యాంకర్లలో తెచ్చి యార్డులో పోస్తారు. కిషన్‌గఢ్ మంచు ఇదే.

చెరువు ఎండిన ఊరు

ఈ స్లర్రీ విషం కాదు. రసాయనంగా చూస్తే సున్నపురాయి పొడే. కొంచెం క్షార గుణం ఉంటుంది, అంతే. అసలు ప్రమాదం దాని సన్నదనంలో ఉంది. మట్టిలో నీళ్లు దిగే సందులన్నీ మూసుకుపోతాయి. పైన సిమెంటు పూసినట్టు గట్టి పొర కడుతుంది. వాన పడితే నీరు ఇంకదు, జారిపోతుంది. ఎండితే గాలికి లేచి పంట ఆకుల మీద కూర్చుంటుంది.

దీనికి రాజ్‌సమంద్ కంటే మంచి ఉదాహరణ లేదు. 17వ శతాబ్దంలో మేవార్ మహారాణా రాజ్ సింగ్ కట్టించిన చెరువు అది. గోమతి నది నీళ్లతో నిండేది. ఉత్తరప్రదేశ్ గోమతి కాదు, ఇది వేరు. నది పైభాగంలో మార్బుల్ క్వారీలు పెరిగాయి. రాతి వ్యర్థం నీటి దారుల్లో పడింది. కరువు కూడా తోడైంది. 2000 ప్రాంతంలో ఆ చెరువు అడుగు కనిపించేలా ఎండిపోయింది. ఆ తర్వాత స్థానికులు కదిలి, నదీ మార్గంలో పడ్డ వ్యర్థాన్ని తీయించాల్సి వచ్చింది. కరువుదెంత వాటా, క్వారీలదెంత అన్న వాదన ఉంటే ఉండొచ్చు. కానీ దారి మూసుకుపోయిన వాగులోకి వాన వచ్చినా నీళ్లు చెరువు దాకా రావు కదా!

అదే జిల్లాలో పిప్లాంత్రీ అనే ఊరుంది. చుట్టూ మార్బుల్ క్వారీలు, తెల్లటి డంపులు. భూగర్భ జలం అడుగంటింది. సర్పంచ్‌గా ఉన్న శ్యామ్ సుందర్ పాలీవాల్ కూతురు చనిపోయాక, 2006లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఊళ్లో ఆడపిల్ల పుట్టిన ప్రతిసారీ 111 మొక్కలు నాటాలి. ఈ కథ అందరికీ తెలిసిందే, ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ వైరల్ వీడియోల్లో ఒక ముక్క మిస్సవుతోంది. మొక్కలతో పాటు వాన నీటిని ఆపే కట్టడాలు కూడా కట్టారు. నీళ్లు ఇంకకుండా మొక్కలు బతకవు. క్వారీ డంపు మీద ఫొటో కోసం నాలుగు మొక్కలు పాతి వెళ్లిపోయేవాళ్లు గమనించాల్సింది ఇదే. పైన సారవంతమైన మట్టి పొర లేని రాతి గుట్ట మీద ఏ మొక్కా నిలవదు. అందుకే తవ్వకం మొదలైన మొదటి రోజే పై మట్టిని విడిగా తీసి దాచాలి. ఆ రోజు దాన్ని రాళ్లతో కలిపేస్తే తర్వాత ఎన్ని లక్షలు పెట్టినా తిరిగి రాదు.

బావిలో నీళ్లు ఎటు పోయాయి?

పాలరాయి స్పాంజి కాదు. నీరు రాతిలో ఉండదు, పగుళ్లలో ఉంటుంది. క్వారీ లోతు ఆ పగుళ్లను తాకగానే నీళ్లు గొయ్యిలోకి ఊరతాయి. పని ఆగకూడదు కాబట్టి మోటార్లు పెట్టి తోడేస్తారు. ఆ పగుళ్లు పక్క రైతు బావికీ కలిసి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక బావి ఎండొచ్చు, వంద మీటర్ల దూరంలో ఇంకోటి ఎప్పటిలాగే ఉండొచ్చు. అందుకే ఇది నిరూపించడం రైతుకు చాలా కష్టం. తవ్వకానికి ముందు చుట్టుపక్కల బావుల నీటి మట్టం కొలిచి రాసి పెట్టుకుంటేనే తర్వాత మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. ఈ పని అధికారుల కంటే ముందు ఊరే చేసుకోవచ్చు. తాడు, టేపు, నోటు పుస్తకం చాలు.

తోడిన నీటిని నేరుగా వాగులోకి వదలకూడదు. రెండు మూడు గుంతల్లో నిలిపి, తెల్ల బురద అడుగుకు దిగాక, పైనున్న తేట నీటిని మళ్లీ వైర్ సాకే వాడుకోవాలి. ఖర్చు పెద్దగా ఉండదు. కానీ ఆ గుంతల్లో పేరుకున్న బురదను తీయాలి. తీయకపోతే రెండు నెలల్లో నిండి, గుంత ఉన్నా లేనట్టే.

ఇక దుమ్ము. తీగతో తడిగా కోసేటప్పుడు దుమ్ము తక్కువే. పొడిగా డ్రిల్లింగ్ చేసేటప్పుడు, బండ్లు మట్టి రోడ్డు మీద తిరిగేటప్పుడు అసలు దుమ్ము లేస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. స్వచ్ఛమైన పాలరాయిలో సిలికా తక్కువ. ఇసుకరాయి గనుల్లో కనిపించే స్థాయి సిలికోసిస్ ముప్పు దీనిలో ఉండదు. కానీ పాలరాయి పైన, పక్కన ఉండే రాళ్లలో క్వార్ట్జ్ ఉంటుంది. ఆ పొరను డ్రిల్ చేసే కూలీ పీల్చేది ఆ దుమ్మునే. తడి డ్రిల్లింగ్, మాస్కులు తప్పనిసరి కావడానికి కారణం అదే. సిలికోసిస్ బాధితుల కోసం రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానమే తేవాల్సి వచ్చింది.

గోడలు కూలే ప్రమాదం కూడా తక్కువేం కాదు. తాజ్‌మహల్‌కు రాయిచ్చిన మక్రానాలో స్థలం ఇరుకు, రాయి నిలువుగా దిగి ఉంటుంది. వందల అడుగుల లోతు గోతులు ఒకదాని పక్కన ఒకటి. గట్టి నేలలో కూడా మెట్టు ఎత్తు 6 మీటర్లు దాటకూడదని 1961 నాటి లోహ గనుల భద్రతా నిబంధనలు చెబుతాయి. ఎక్కువ ఎత్తుకు ప్రత్యేక అనుమతి కావాలి. చిన్న లీజులో మెట్లు వదిలితే అమ్ముకునే రాయి తగ్గుతుంది. అందుకే నిలువు గోడ.

'చిన్నది' అనే మినహాయింపు

మరి చట్టం ఏం చేస్తోంది? 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌లో 5 హెక్టార్ల లోపు గనులు పర్యావరణ అనుమతి వలలో పడలేదు. దాంతో పెద్ద లీజును ముక్కలు చేసి చిన్నవిగా చూపించే ఆట మొదలైంది. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి బ్రేక్ వేసింది. చిన్న ఖనిజాల లీజు 5 హెక్టార్ల లోపైనా అనుమతి తీసుకోవాల్సిందే అంది. 2016 జనవరిలో కేంద్రం జిల్లా స్థాయి కమిటీలు పెట్టి, చిన్న లీజులకు అక్కడే అనుమతులిచ్చేలా సులువు చేసింది. పబ్లిక్ హియరింగ్ అవసరం లేకుండా 25 హెక్టార్ల వరకు సడలింపు ఇచ్చింది. 2018 సెప్టెంబర్‌లో ఎన్జీటీ దాన్ని తప్పుబట్టింది. ఇదంతా చదువుతుంటే తాడు లాగుడు ఆటలా లేదూ?

ఇందులో మనకు పనికొచ్చే మాట ఒక్కటే, క్లస్టర్. ఒక లీజు హద్దు నుంచి 500 మీటర్ల లోపు అదే రకం ఖనిజం లీజు ఇంకోటి ఉంటే రెంటినీ కలిపి చూడాలి. కాగితం మీద ఒక్కొక్కటి రెండు హెక్టార్లే కావొచ్చు. వాగుకు మాత్రం అన్నీ కలిపే తగులుతాయి. మా అభిప్రాయం ప్రకారం చిన్న క్వారీల విషయంలో గట్టిగా పట్టుకోవాల్సిన నిబంధన ఇదే. డంపు స్థలం కూడా క్లస్టర్ మొత్తానికి ఒకటే ఉండాలి. ఆ లెక్కన చూస్తే, ఎంత తిట్టుకున్నా కిషన్‌గఢ్ యార్డ్ ఉన్నంతలో మెరుగైన ఏర్పాటే. ట్యాంకర్ దొరికిన చోటల్లా రోడ్డు పక్కన పోయడం కంటే నయం. అయితే దాన్ని టూరిస్ట్ స్పాట్ చేసి, గాలికి లేచే పొడిలో పిల్లల్ని ఆడించడం వేరే సంగతి. పైగా ఆ పొడి వృథాగా పడి ఉండాల్సిందేం కాదు. సిమెంటుకు, ఇటుకలకు, రోడ్డు గట్టు నింపడానికి వాడొచ్చు. అడ్డంకి రవాణా ఖర్చు. చెత్త పోయడం ఉచితమైనంత కాలం ఎవరూ లారీ కిరాయి పెట్టి సిమెంట్ ఫ్యాక్టరీకి పంపరు.

మన అనంతగిరి తీర్పు

పాలరాయి, సున్నపురాయి కుటుంబం తవ్వకాల్లో తెలుగు నేలకు సొంత చరిత్ర ఉంది. బొర్రా గుహలున్న అనంతగిరి మండలం, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడి గిరిజన గ్రామాల్లో కాల్సైట్ వంటి ఖనిజాలకు ప్రైవేటు లీజులిచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో ఆ లీజులు చెల్లవని తేల్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వం కూడా లీజు ఇవ్వకూడదంది. తవ్వేవారి నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలని చెప్పింది. గొయ్యి ఎలా తవ్వాలన్న దానికంటే ముందు, ఆ నేల ఎవరిదన్న ప్రశ్న వేసిన కేసు అది.

తవ్వకం అయిపోయాక గొయ్యి సంగతేంటి? చాలా చోట్ల గొయ్యిలో వాన నీరు నిలుస్తుంది, కంచె ఉండదు, ఈతకు దిగిన పిల్లల ప్రాణాలు పోతాయి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, గని పని ముగిశాక ఆ భూమిలో మళ్లీ గడ్డి పెంచాలన్న షరతు పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. పశువులకు మేత దొరకాలన్నది ఉద్దేశం. లోతు గొయ్యిలో గడ్డి ఎలా పెరుగుతుందంటారా? గుట్టగా పోసిన వ్యర్థంలో కొంతైనా తిరిగి గోతిలో నింపితేనే. చిన్న లీజుల్లో దానికి డబ్బు ముందే వసూలు చేసి పెట్టుకోకపోతే, రాయి అయిపోయిన రోజు యజమాని ఫోన్ స్విచాఫ్.

మీ ఊరి పక్కన ఇలాంటి క్వారీ ఉంటే ఏం అడగాలి? పర్యావరణ అనుమతి లేఖ పరివేష్ పోర్టల్‌లో వెతకొచ్చు. అందులో షరతులుంటాయి. డంపు ఎక్కడ, గుంతలు ఎన్ని, పై మట్టి ఎక్కడ దాచాలి అన్నీ రాసి ఉంటాయి. ఆ షరతులు పాటిస్తున్నామని యజమాని ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలో ఉన్న డంపు స్థలం కొలతను, మీ కళ్ల ముందున్న గుట్టతో పోల్చి చూడండి. ఫోన్ కెమెరా ఉంది కదా, ఈసారి డ్రోన్ షాట్ అక్కడ తీయండి.